పినపాక అడవి అంచున వెలుగు తీగ కావలి

ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు కాంతి గురించి పాఠం చెప్పాను. గాజు తీగకు ఒక చివర వెలుగు పెడితే అది లోపలి గోడలకు తగిలి తగిలి, బయటికి పోలేక, రెండో చివర తేలుతుందని బోర్డు మీద వంకరటింకర గీతలు గీశాను. దానికి సంపూర్ణాంతర పరావర్తనమని పేరు. ఆ పేరు తప్పుల్లేకుండా రాసినవాడికి రెండు మార్కులు వేశాను. ఇన్నేళ్లలో ఆ గాజు తీగను ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోలేదు. గట్టు మీద నిలబడి ఈత నేర్పే మేష్టారిని నేను.

అందుకే మొన్న మార్చిలో నా పాత విద్యార్థి ప్రేమ్‌కుమార్ ఫోన్ చేసి, "సార్, మీరు స్వతంత్ర నిపుణులుగా రావాలండి" అన్నప్పుడు గుండె ఉప్పొంగింది. స్వతంత్ర నిపుణుడంటే ఏమిటని అడిగాను. కంపెనీలో జీతం తీసుకోనివాడు, రిటైరైనవాడు, పిలవగానే వచ్చేవాడు అన్నాడు. మూడు అర్హతలూ నాకు దండిగా ఉన్నాయి.

సంగతేమిటంటే, ప్రేమ్ ఒక బెంగుళూరు కంపెనీలో ఇంజనీరు. పినపాక అవతల అడవి అంచున ఒక గూడెంలో చేల చుట్టూ వాళ్లు గాజు తీగ పూడ్చారు. మోచెయ్యి లోతున ఉంటుంది. దాని గుండా ఎప్పుడూ వెలుగు పోతూ ఉంటుంది. పైన ఎవరు అడుగేసినా నేల అదురుతుంది, నేలతో పాటు తీగా, తీగతో పాటు అందులోని వెలుగూ అదురుతాయి. అందులో రవ్వంత వెలుగు వెనక్కి తిరిగి ఒక పెట్టెకు చేరుతుంది. ఎక్కడ అడుగు పడిందో, ఎటువంటి అడుగో ఆ పెట్టె లెక్కగట్టి, అడవిపంది అయితే సైరన్ మోగిస్తుంది. పంది పారిపోతుంది.

"పంది పారిపోతుందని ఎవరు చెప్పారోయ్?" అన్నాను.

"బెంగుళూరులో అనుకున్నాం సార్."

బెజవాడ నుంచి ఒక్క పగటి దూరం. అయినా మా వీధిలో ఎవరూ అటు వెళ్లినవాళ్లు లేరు. అటు వెళ్లనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

బోనకల్: పెట్టెకు ప్రార్థన

మధిర దాటాక పాసింజరు రైలు బోనకల్‌లో దింపింది. ప్రేమ్ ఇల్లు స్టేషనుకు నడిచేంత దూరం. వాళ్లమ్మ సుశీలమ్మ రిటైరైన నర్సు. గుమ్మంలోనే నన్ను చూసి, "రండి సార్. మావోడు మీ పేరు తలవని రోజు లేదు. ఫిజిక్స్‌లో రెండుసార్లు తప్పింది మీ దగ్గరేగా" అంది. ఇది పొగడ్తో తిట్టో తేల్చుకునేలోగా కాళ్లకు నీళ్లిచ్చింది.

నాటుకోడి కూర, పచ్చిపులుసు పెట్టింది. మావైపు చారు మరిగితే తప్ప చారు కాదు. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ నలిపి, కాల్చిన పచ్చిమిరపకాయ చిదిమి, పొయ్యి మొహం చూపించకుండానే పోసేస్తారు. మార్చి ఎండలో వీళ్లే తెలివైనవాళ్లని నాలుగోసారి పోయించుకున్నాక ఒప్పుకున్నాను.

ముందు గదిలో టీవీకీ బైబిలుకూ మధ్య, స్టూలు మీద, కొత్త పెట్టె కూర్చుని ఉంది. గూడెంలో పెట్టిన మొదటి పెట్టెలో బల్లి దూరి చచ్చిందట. బల్లితో పాటు పెట్టే పోయిందట. లక్షల ఖరీదు వస్తువుకు బల్లి పట్టే సందు ఎందుకు వదిలారని అడిగితే, బెంగుళూరు ల్యాబులో బల్లులు లేవన్నాడు ప్రేమ్.

బయల్దేరేముందు సుశీలమ్మ పెట్టె మీద చెయ్యి ఉంచి కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఈ డబ్బాకి మంచి చెవులియ్యి. దీన్ని నమ్ముకొని నా కొడుకు పెళ్లి గూడ వాయిదా వేసుకున్నడు. ముందు డబ్బాకి పట్టిన గతి దీనికి పట్టనియ్యకు."

ఆమెన్ అన్నాం. ఆ ప్రయాణంలో ఆ పెట్టెకు జరిగిన పరీక్షలన్నిటిలో ఇదే శ్రద్ధగా జరిగింది.

ఖమ్మం: మిరపకాయలను చూసే కన్ను

ఖమ్మంలో మేం దిగిన లాడ్జీలో చేతులు కడుక్కునే కుళాయికి తిప్పే పిడి లేదు. కింద చెయ్యి పెడితే కంటికి ఆనని వెలుగు చేతికి తగిలి వెనక్కి పోతుంది, కుళాయి తెరుచుకుంటుంది. ఇది కూడా నేను పాఠం చెప్పినదే. ఒక చెయ్యి పెట్టాను, రాలేదు. రెండు చేతులూ పెట్టాను. చివరికి దణ్ణం పెట్టాను. గదులు తుడిచే ఆమె చూసి, "గట్ల కాదు సారూ, జర జరగుండ్రి" అని కుళాయి నెత్తిన అరచేత్తో ఒక్కటిచ్చింది. ధారగా వచ్చింది.

"మరి ఆపాలంటే?"

"దాని బుద్ధి పుట్టినప్పుడు అదే ఆగుతది."

కింద బకెట్టూ మగ్గూ అందుకే పెట్టారని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున ప్రేమ్ నన్ను మార్కెట్ యార్డు పక్కన ఒక గోదాముకు తీసుకెళ్లాడు. వెలుగుతో పనిచేసే యంత్రాలంటే సారుకు నమ్మకం కుదరాలని అతని తాపత్రయం. అప్పుడు మిర్చి సీజను. యార్డు గేటు దాటగానే తుమ్ము మొదలై గోదాము చేరేదాకా ఆగలేదు. గుంటూరు మిర్చి చూసినవాణ్ణి కదా అని పొగరుగా వెళ్లాను. ఖమ్మం తేజ మిర్చి నా పొగరు ముక్కులోంచి తీసింది.

అక్కడ బస్సంత యంత్రం ఉంది. పై నుంచి మిరపకాయలు జారుతుంటాయి. ఒక్కొక్క కాయ మీదా వెలుగు పడుతుంది, గాజు కన్ను రంగు చూస్తుంది, తెల్లబోయిన తాలుకాయ కనబడితే గాలి ఉఫ్‌మని ఊది పక్కకు తోస్తుంది. రెప్పపాటులో వందల కాయలు. నిజంగానే నోరు తెరిచాను. వెంటనే మూసుకున్నాను, అది మిరప గోదాము.

యంత్రం పక్కనే ఒక పెద్దావిడ ముక్కూ మూతీ చీరకొంగుతో బిగించి, యంత్రం మంచివని వదిలిన కాయల్లోంచి మళ్లీ తాలు ఏరుతోంది.

"మిషన్ ఏరింది కదమ్మా, మళ్లీ నువ్వెందుకు?"

"మిషన్ ఏరినంక నేను ఏరుత. నేను ఏరినంక సేటు చూస్తడు. సేటు చూసినంక కొనేటోడు చూస్తడు."

"మరి మిషన్ ఎందుకు?"

"ఫోటోలకు మంచిగుంటది సారూ."

అంతలో ఒకతను గుడ్డ తెచ్చి యంత్రం కన్ను తుడిచాడు. మిరప ధూళి పట్టి అరగంటకోసారి దానికీ చూపు మందగిస్తుందట. మనుషుల మీద ఏనాడూ లేనంత జాలి ఆ యంత్రం మీద కలిగింది. బయటికొచ్చి పదిహేను రూపాయల చాయ్ తాగితే గానీ నా కళ్లు తెరుచుకోలేదు.

మణుగూరు దారి

కొత్తగూడెం మీదుగా ప్రేమే జీపు నడిపాడు. మణుగూరు దగ్గరపడుతుంటే రోడ్డు పక్క ఒక వరుస దీపాలు మిట్టమధ్యాహ్నం ధగధగా వెలుగుతున్నాయి. చీకటి పడితే వెలిగి, తెల్లారితే ఆరేలా వాటి నెత్తిన వెలుగును చూసే చిన్న కన్ను ఉంటుంది. బొగ్గు లారీల దుమ్ము ఆ కళ్లకు మందంగా పట్టి, వాటికి ఎప్పుడూ రాత్రే. "అమాయకపు దీపాలు సార్" అన్నాడు ప్రేమ్. కరెంటు బిల్లు కట్టేది ఎవరో గానీ, వాళ్లు అంతకన్నా అమాయకులు.

అక్కడ హోటల్లో పూరీ ముప్పై రూపాయలు. మా బెజవాడలో దానికి ప్లేటు మీద రెండు పూరీలూ ఒక టిష్యూ కాగితమూ ఇస్తారు. ఇక్కడ నాలుగు పూరీలు, శనగపిండి చట్నీ, అడక్కుండానే మళ్లీ చట్నీ. టిష్యూ అడిగితే హోటలాయన నన్ను జబ్బు మనిషిని చూసినట్టు చూసి నీళ్ల చెంబు చూపించాడు.

గూడెం: లచ్చమ్మ దారి

పినపాక దాటి అడవిలోకి ఇంకొంత దూరం పోవాలి. గూడెం పేరు రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది.

మొదట కనబడింది లచ్చమ్మ. నలభై దాటి ఉండవు. వాకిట్లో చాప మీద ఇప్పపువ్వు ఎండబోస్తోంది. పులిసిన బెల్లం లాంటి వాసన ఊరంతా నిండి ఉంది. మా రాక చూసి మంచం వాల్చి, ఉడకబెట్టిన ఇప్పపువ్వు ఆకుదొప్పలో పెట్టింది. ఈ పువ్వు పేరు చెబితే మా వాళ్లకు సారా ఒక్కటే గుర్తొస్తుంది. తిండి అని నాకు ఆ సాయంత్రం దాకా తెలియదు.

ఇప్పపువ్వును కోయరు, అదే రాలుతుంది. తెల్లవారుజామున రాలుతుంది. ఎండెక్కేలోగా ఏరుకోకపోతే మేకలూ గొడ్లూ మిగల్చవు. కాబట్టి మసక ఉండగానే బుట్ట పట్టుకొని నడవాలి. లచ్చమ్మ ఇప్పచెట్లకు అడ్డదారి జోగయ్య మక్కచేను (మావైపు మొక్కజొన్న అంటాం) గట్టు మీదుగా పోతుంది.

జోగయ్య ఆమె భర్తకు పెదనాన్న కొడుకు, ఆమెకు బావ. రెండేళ్ల కిందట అడవిపందుల కోసం అతను చేను చుట్టూ ఇనుప తీగ కట్టి, మోటారు లైను నుంచి కరెంటు కలిపాడు. చట్టం ఒప్పని పని. చట్టం ఒప్పని ఆ పని అటువైపు చాలా చేలల్లో ఉంది. ఒక తెల్లవారుజామున లచ్చమ్మ భర్త గట్టు దిగుతూ ఆ తీగను తాకాడు. లచ్చమ్మ అతని వెనక పది అడుగుల దూరంలో ఉంది. పెద్దమనుషులు కూర్చున్నారు. జోగయ్య ఏడ్చాడు, దండుగ కట్టాడు, మరుసటి ఏడాది పంటకు మళ్లీ తీగ కట్టాడు.

అప్పటి నుంచి లచ్చమ్మ వాగు చుట్టూ తిరిగి పోతోంది. ఆమె పోయేసరికి సగం పువ్వు గొడ్ల పాలవుతోంది.

చదువుకున్నవాణ్ణి కదా, సలహా ఇవ్వకుండా ఉండలేకపోయాను. "కాస్త ఎండ వచ్చాక వెళ్లొచ్చు కదమ్మా, తీగ కనబడుతుంది?"

"నేను పోత సారూ. జర ఎండ వచ్చేదాక రాలొద్దని చెట్లకు మీరు చెప్పుండ్రి" అంది.

జోగయ్యను కూడా చూశాను. రాక్షసుణ్ణి చూడబోతున్నానని సిద్ధపడ్డాను. బక్కపలచని మనిషి, మాట్లాడుతూ నేలకేసి చూస్తాడు. "నాకు ఎరిక లేకనా సారూ? నేను చేసిన పని నాకు ఎరికే. కని పందులొస్తే ఒక్క పూటల ఎకరం పండవెడ్తయ్. ఏం తినాలె?" అన్నాడు.

ఊరిపెద్ద కన్నయ్య సమక్షంలో ఒప్పందం జరిగింది. జోగయ్య అందరి ముందు చెప్పాడు: "రేపటి సంది మూడు దినాలు తీగ చుట్టి ఇంట్ల పెడ్త. పంది నా మక్క ముట్టకపోతే ఇగ కట్ట. ముట్టిందంటే మళ్ల కడ్త. అప్పుడు ఎవ్వలు నన్ను అడగొద్దు."

లచ్చమ్మ ప్రేమ్ చేతిలోని పెట్టెను చాలాసేపు చూసింది.

పరిచయాలు

కొత్త పెట్టెకు ఏమీ తెలియదు, నేర్పాలి. మర్నాడు పొద్దున అడవి అంచున రేకుల షెడ్డులో దాన్ని కూర్చోబెట్టి, ప్రేమ్ గూడేన్ని పిలిచి తేలిక మాటల్లో చెప్పాడు: "ఈ తీగకి మీ నడక తెలవాలి. మనవాళ్లు దాటితే ఊరుకోవాలి, బయటిది దాటితే అరవాలి. అందుకని మీ ఇంట్లో వాళ్లంతా వచ్చి ఒక్కసారి తీగ మీద నడవండి. నేను మనవాళ్లు అని రాసుకుంటా."

కన్నయ్యకు ఇది చక్కగా అర్థమైంది. ఆ ఊళ్లో పశువుల కాపరిని పెట్టుకుంటే, మొదటి రోజు ఇంటింటివాళ్లూ తమ మనుషుల్నీ పశువుల్నీ అతని ముందు నడిపించి, దోసెడు బియ్యమిచ్చి ఒప్పజెబుతారు. "కాపలాకొచ్చినోనికి ఇంటోళ్లను సూపియ్యకుంటే ఎట్ల కాస్తడు?" అన్నాడు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గుర్తొచ్చాడు. మూడేళ్లయినా నన్ను ఏ ఫ్లాటని అడుగుతాడు, ఎవరో తెలియనివాడు కారులో వస్తే సెల్యూట్ కొడతాడు.

పెట్టెకు పసుపు రాశారు. దోసెడు బియ్యం పోశారు. పసుపు లోపలికి పోతుందేమోనని ప్రేమ్ కంగారుపడ్డాడు గానీ, బోనకల్ ప్రార్థన సంగతి నేను గుర్తు చేశాక ఊరుకున్నాడు. తర్వాత ఊరేగింపు మొదలైంది. ముసలివాళ్లు నడిచారు, పసిపిల్లల్ని చంకనేసుకొని తల్లులు నడిచారు. ఎడ్లు నడిచాయి, మేకలు నడిచాయి. కోడిపెట్టను కూడా రెండుసార్లు నడిపించారు. ఎవరి వంతు వస్తే వాళ్లు పెట్టె వైపు తిరిగి, పేరు చెప్పి, "ఇది మాదే" అని ఒప్పజెప్పారు. ప్రేమ్ ప్రతిసారీ మీట నొక్కాడు, మనవాళ్లు.

అప్పుడు పందులు వచ్చాయి. గూడెంలో చాలా ఇళ్లకు పెంపుడు పందులున్నాయి, అందులో జోగయ్యవే ఏడు. అతను వాటిని కర్రతో అదిలిస్తూ తీగ మీదుగా నడిపించి, "ఏడు. నాయే. మంచిగ గుర్తు పెట్టుకో" అని పెట్టెతో గట్టిగా చెప్పాడు. ఇంకో ఇంటివి నాలుగు, మరో ఇంటివి పిల్లలతో సహా తొమ్మిది. ప్రేమ్ నొక్కుతూనే ఉన్నాడు.

నేనేం చేస్తున్నానని అడుగుతారేమో. స్వతంత్ర నిపుణుణ్ణి కదా, నీడలో మంచం మీద కూర్చుని, కన్నయ్య పోయించిన జీలుగు కల్లు దొప్పతో తాగుతూ, నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఆ మధ్యాహ్నం రాసుకున్న వాక్యం ఇప్పటికీ ఉంది: "గ్రామస్తుల సహకారం అద్భుతం."

అరిచిన పెట్టె

తెల్లారి కేకలకు మెలకువ వచ్చింది. జోగయ్య చేను గట్టున నిలబడి ఉన్నాడు. అవతలి వైపు ఎనిమిది సాళ్ల మక్క నేలకు కరుచుకుపోయింది. కంకులు నమిలి ఉమ్మేసి ఉన్నాయి. గట్టు నిండా గిట్టల గుర్తులు. పెట్టె నుంచి చప్పుడు లేదు. సైరన్ కిక్కురుమనలేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. గట్టు ఎక్కి చేలో కాలు పెట్టానో లేదో, అడవి అదిరేలా సైరన్ కూసింది.

కర్రలూ గొడ్డళ్లూ పట్టుకొని గూడెం గూడెమంతా ఉరికి వచ్చింది. చేల మధ్య లుంగీ ఎగ్గట్టుకొని నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను. సైరన్ ఆగలేదు. నేను కదిలితే ఇంకా గట్టిగా కూస్తోంది. ప్రేమ్ మాత్రం ఆనందం పట్టలేక, "పనిచేస్తోంది సార్! పనిచేస్తోంది!" అని ఎగిరాడు.

అప్పుడు గుర్తొచ్చింది, నిన్న నేను తీగ మీద నడవలేదు. ఊరందరిలోనూ పరిచయం కానిది నేనొక్కణ్ణే.

ప్రేమ్ ల్యాప్‌టాప్ తెరిచాడు. తెల్లవారేముందు ఆ చేను అవతలి వైపు అడుగుల వరసలు పదకొండు దాటినట్టు పెట్టె రాసుకుంది. ప్రతి వరస పక్కనా ఆకుపచ్చ రంగులో ఒకటే మాట.

"ఏం జెప్తుంది నీ పెట్టె?" అన్నాడు జోగయ్య.

ప్రేమ్ ల్యాప్‌టాప్ సగం మూశాడు. "మనవాళ్లు... అంటోంది."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేం అడవిదొంగల్ని ఇంటివాళ్లను చేసి, బియ్యం పోసి, పసుపు రాసి ఒప్పజెప్పాం. పెంపుడు పంది అడుగుకూ అడవిపంది అడుగుకూ గాజు తీగకు ఏం తేడా తెలుస్తుంది? ఈ ప్రశ్న నిన్న అడగాల్సింది నేను. దానికే గదా నన్ను పిలిచింది. ఎవరో ముసలామె పకపకా నవ్వింది, ఊరంతా నవ్వింది. నాకు మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

జోగయ్య నవ్వలేదు. ఇంట్లోకి వెళ్లి ఇనుప తీగ చుట్ట భుజాన వేసుకొని వచ్చాడు. ప్రేమ్ అడ్డం వెళ్లాడు. "రెండు వారాలు టైమివ్వు జోగన్నా. పందుల్ని చెరిపేసి మళ్లీ నేర్పుతాం. బెంగుళూరు నుంచి పర్మిషన్ రావాలి."

"రెండు వారాలు ఆగమని పందులకు చెప్పు. నేను చెప్పిన మాట చెప్పినట్లే ఉంది."

అతని మాటలో తప్పు లేదు. పోయింది అతని పంట. కన్నయ్య కూడా పక్కకు జరిగి దారిచ్చాడు. జోగయ్య మొదటి గుంజ దగ్గర కూర్చుని చుట్ట విప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడు లచ్చమ్మ వచ్చింది, అడవి వైపు నుంచి, ఆ గట్టు మీదుగానే, నెత్తిన నిండు బుట్టతో. ఆ దారిన ఆమె నడిచి రెండేళ్లయింది. పడిపోయిన మక్క చూసింది, జోగయ్య చేతిలో తీగ చూసింది. బుట్ట దించి అతని ఎదురుగా కూర్చుంది.

"బావా, ఇయ్యాల గీ గట్టు మీదికెల్లే పోయిన. భయం లేకుంట పోయిన. బుట్ట నిండింది."

అతను తీగ విప్పుతూనే ఉన్నాడు.

"గా పెట్టెకు మనిషేందో పందేందో తెలవలే. అది గాజు తీగ, దానికి ఏం తెలుస్తది. నీ ఇనుప తీగకు గూడ గా దినం తెలవలే. దాన్ని నేను ఏమంట? నీకైతే తెలుసు గద బావా. ఎరికుండి కడ్తున్నవ్."

గూడెంలో ఎవరూ నవ్వలేదు. జోగయ్య చేతులు ఆగిపోయాయి. నేలకేసి చూస్తూనే, "మరి మక్క ఎవరు కాయాలె?" అన్నాడు.

"మంచె కట్టు. ఒకనాడు నువ్వు, ఒకనాడు నేను. నాకు పంది అడుగు ఎరికే, మనిషి అడుగూ ఎరికే."

"ఆడిదానివి, ఒక్కదానివి..."

"రెండేండ్ల సంది ఒక్కదాన్నే ఉన్న."

జోగయ్య విప్పిన తీగ మళ్లీ చుట్టాడు. చుట్టడానికి విప్పినదానికన్నా ఎక్కువసేపు పట్టింది. లేచి వెళ్లి చుట్టను మా జీపు వెనక పడేసి, కత్తి తీసుకొని మంచెకు వెదురు కొట్టడానికి అడవిలోకి పోయాడు.

తిరుగు దారి, రిపోర్టు

దారిలో ప్రేమ్ ముఖం క్రమంగా విప్పారింది. మణుగూరు దగ్గర నడిరోడ్డు మీద జీపు ఆపాడు. "సార్, రిపోర్టులో ఫలితానికి ఒకటే గడి ఉంటుందండి. 'పరికరం ఏర్పాటు అనంతరం గ్రామస్తులు విద్యుత్ తీగను స్వచ్ఛందంగా తొలగించారు.' ఇందులో అబద్ధం ఉందా?"

వెతికాను, లేదు. పరికరం ఏర్పాటు అనంతరమే తొలగించారు. స్వచ్ఛందంగానే తొలగించారు. నా ఉద్యోగ జీవితంలో ఎన్నో అబద్ధాల కింద ధైర్యంగా సంతకం పెట్టాను. ఒక నిజం కింద పెట్టడానికి చెయ్యి రాకపోవడం అదే మొదలు. చివరికి ఒక షరతు పెట్టాను. పందిని గుర్తించే సాధనం అన్న గడిలో నా చేత్తో 'లచ్చమ్మ' అని రాసి, దాని కింద సంతకం చేశాను.

తీగ చుట్టను కంపెనీ జీపులో ఉంచుకోవడానికి ప్రేమ్ ఒప్పుకోలేదు, ఫోటోల్లో పడుతుందట. గోనెసంచిలో చుట్టి రైల్లో నేనే తెచ్చాను. "చేపల వలా?" అని పక్క సీటాయన అడిగితే అవునన్నాను. మా ఆవిడ దాన్ని అటకెక్కించి, ఖమ్మం వెళ్లినవాళ్లు మిర్చి తెస్తారు గానీ ఇదేం సరుకని వారం రోజులు సాధించింది.

బెంగుళూరులో రిపోర్టుకు చప్పట్లు కొట్టారట. రెండు వారాలకు నాకొక ఈమెయిలు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది: "మీరు పేర్కొన్న లచ్చమ్మ ఏ సంస్థ తయారీ? మోడల్ నంబరు తెలుపగలరు." దానికి నేనింకా జవాబు రాయలేదు.

ఏప్రిల్ చివర్లో ప్రేమ్ మళ్లీ గూడెం వెళ్లి, అక్కడి నుంచి ఫోన్ చేసి జోగయ్యకు ఇచ్చాడు. మక్క కోసేశారట. పందులు రెండుసార్లు వచ్చాయట. రెండుసార్లూ లచ్చమ్మ కావలి రోజులే. రేకుడబ్బా వాయించి తోలిందట. కొంత పంట పోయిందట, చాలా వరకు దక్కిందట. చెప్పాల్సినవి అయిపోయాయి. ఇక ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను.

"సారూ, నా తీగ ఏం జేసిండ్రు?"

"మా ఇంట్లో ఉంది జోగయ్యా. అటక మీద."

"మళ్ల పంటకు నేనొచ్చి అడుగుత సారూ. పందులు మోపైతే గట్టిగనే అడుగుత, కొట్లాడుత. నేను ఎంత అడిగినా గది నాకు ఇయ్యకుండ్రి."